రిజైన్ చేసే ముందు ఇవి చూస్కోండి

శ్రీసిటీ, రేణిగుంట వైపు షిఫ్టులకి పోయొస్తా లోపల్లోపల కుమిలిపోయేవాళ్లు చానామంది ఉన్నారు, వాళ్ల కోసం రాస్తున్నా.

- మేనేజర్‌తో గొడవైన రోజు మాత్రం లెటర్ పెట్టొద్దు. కొన్నాళ్లు చూడండి, ఆదివారం సాయంత్రం అవంగానే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో పిల్లల మీద అరుపులు, నాలుగు రోజులు సెలవు పెట్టొచ్చినా ఇవేవీ తగ్గలేదంటే ఇంక బయటపడే టైమ్ వచ్చినట్టే.
- తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టమన్నా, జీతం నెలనెలా ఆపుతున్నా అస్సలు ఆలోచించకుండా వేరేది వెతకండి.
- ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ (మానేస్తామని చెప్పాక ఇంకెన్నాళ్లు పనిచేయాలో), బాండ్ (ఇన్నాళ్లు మానకుండా చేస్తామని రాసిచ్చేది) చదవండి.
- పర్మనెంట్ వాళ్లకి 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీస్‌ని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) వస్తాది, ఇంకో రెండు మూడు నెలల్లో నిండేదైతే ఆగడం మేలు (ఆరోగ్యం పాడైపోతుంటే మాత్రం ఆగొద్దు, ప్లీజ్). పీఎఫ్ తీసేయకుండా అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి మార్చుకోండి, 5 ఏళ్ల సర్వీస్ లోపల తీస్తే ట్యాక్స్ పడొచ్చు.
- కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతో పాటే పోతాది, అమ్మానాన్నల పేర్లు అందులో ఉంటే ముందే వేరే పాలసీ చూడండి.
- ఈఎంఐలతో కలిపి ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉండాల.
- పేస్లిప్పులు ముందే దాచుకోండి, రిలీవింగ్ లెటర్ తీసుకోకుండా రావద్దు.