ట్యూబులు లేని బిళ్ల కూడా పట్టుకెళ్లండి

కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) కలిపిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు లాంటి ప్లాస్టిక్) బిళ్లలతో కాజీపేటలో రైలెక్కి, వేరే ఊళ్లో ఎక్స్‌రే స్కాటరింగ్ (బిళ్లలో ఎక్స్‌రేలు ఎలా చెదురుతాయో చూసే పరీక్ష) చేయించుకుని వస్తాం. తీరా చూస్తే గ్రాఫులో ఏది ట్యూబులది, ఏది ఎపాక్సీది తేలదు. మళ్లీ ప్రయాణం, మళ్లీ టెన్షన్.

ఇప్పుడు ట్యూబులు కలపని బిళ్ల ఒకటి అదే రోజు, అదే హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే మందు) పాళ్లతో పోసి, అదే ఓవెన్‌లో పెడుతున్నాను. రెండూ 1 మిల్లీమీటరు మందం. రాగి టార్గెట్ ఎక్స్‌రేకి (యంత్రంలోని రాగి పలక నుంచి పుట్టే ఎక్స్‌రేకి) అది సరిపోతుంది. రెండింటికీ ట్రాన్స్‌మిషన్ (ఎక్స్‌రేలో ఎంత వంతు బిళ్ల దాటి బయటికొస్తుందో) కొలవమని ముందే అడగాలి, ఇది మర్చిపోతే శ్రమంతా వృథా. ఒక్కో రీడింగును దాని ట్రాన్స్‌మిషన్‌తో, మందంతో భాగించాకే ట్యూబులున్న బిళ్ల రీడింగులోంచి ఖాళీ బిళ్లది (ట్యూబులు లేనిదాన్ది) తీసేయాలి. మిగిలేది దాదాపు ట్యూబులదే.

పాలీప్రొపిలీన్‌కి మాత్రం ఇది నమ్మొద్దు. ట్యూబులు చేరితే ఆ ప్లాస్టిక్ స్ఫటికాలు కట్టే తీరే మారిపోతుంది, ఖాళీ బిళ్ల దానికి సరిజోడు కాదు.