గడ్డకు అంటిన యాంటీబాడీలు: రిపోర్టు చదవడం, బ్లాకు భద్రపరచడం

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉండే అమ్మకు అండాశయంలో గడ్డ బయటపడితే, ఆపరేషను బరంపురంలో, రెండో అభిప్రాయం విశాఖపట్నంలో జరగడం మన వైపు మామూలే. ఆ తిరుగుడులో ఎవరైనా ‘యాంటీబాడీ’ (ఒక ప్రత్యేక పదార్థాన్ని గుర్తుపట్టి దానికి అంటుకునే ప్రొటీను) అన్నప్పుడు, అది ల్యాబుదా, రోగి ఒంటిదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఐహెచ్‌సీ (గడ్డ ముక్కలో ఏ ప్రొటీన్లు ఉన్నాయో చూసే పరీక్ష) రిపోర్టులోని యాంటీబాడీలు ల్యాబువాళ్లు గడ్డ ముక్క మీద వేసేవి. పాక్స్8, డబ్ల్యూటీ1 వంటి పేర్ల పక్కన ‘పాజిటివ్’ అని ఉంటే ఆ ప్రొటీను గడ్డ కణాల్లో ఉందని అర్థం. క్యాన్సర్ ఎక్కడ మొదలైందో గుర్తించడానికి అది తోడ్పడుతుంది. రక్తంలో చూసే సీఏ-125 యాంటీబాడీ కానే కాదు, అండాశయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఒక ప్రొటీను.

రోగి శరీరమే తయారుచేసి గడ్డకు అంటించే యాంటీబాడీల సంగతి వేరు. అండాశయ క్యాన్సర్ కణాలను ఐజీఏ అనే యాంటీబాడీ కప్పి ఉంటుందని, ఒక గ్రాహకం ద్వారా అది కణం లోపలికీ చేరుతుందని, ఐజీఏ ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కాలం బతికారని అమెరికాలోని మోఫిట్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు 2021లో చూపారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2022లో, ఈ గడ్డల్లోని యాంటీబాడీలలో కొన్ని ఎంఎంపీ14 అనే, రోగి శరీరపు సొంత ప్రొటీనునే పట్టుకుంటున్నాయని తెలిపారు. నాకు ఇది నిజంగా ఆశ కలిగించే విషయం. అయినా దీన్ని బట్టి మందు మార్చే పద్ధతి మామూలు వైద్యంలోకి రాలేదు కనుక, ఆ పేరుతో ఎవరైనా పరీక్షకు డబ్బు అడిగితే చికిత్స చేస్తున్న డాక్టరును అడగకుండా కట్టవద్దు.

మన చేతిలో ఉన్నది గడ్డ ముక్కను పాడుకాకుండా చూసుకోవడం. చిన్న నర్సింగ్ హోముల్లో డబ్బాను ల్యాబుకు చేర్చే పని తరచూ ఇంటివాళ్ల మీదే పడుతుంది. అందులో ఉన్నది సెలైనో స్పిరిటో కాదని, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవమని, అది ముక్కకు దాదాపు పదింతలు ఉందని అక్కడే నర్సమ్మను అడిగి నిర్ధారించుకోండి. పేరు, వయసు, కుడి అండాశయమా ఎడమదా అన్నది, తేదీ డబ్బా ఒంటి మీదే రాయించండి, మూతలు మారిపోతాయి.

తరువాత ల్యాబు ఇచ్చే బ్లాకు అంటే గడ్డ ముక్కను లోపల ఇమిడ్చిన బొటనవేలంత మైనపు ముక్క. దాని ప్లాస్టిక్ అంచు మీద ఉన్న నంబరు రిపోర్టులోని బయాప్సీ నంబరుతో అక్షరం అక్షరం సరిపోలిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. మే నెల ఎండలో కారు అద్దం దగ్గర పెడితే మైనం మెత్తబడుతుంది. ఐసు మాత్రం అక్కర్లేదు. గాజు స్లైడులను గట్టి పెట్టెలో విడిగా సర్దండి. విశాఖలో బ్లాకు అప్పగించేటప్పుడు నంబరు రాసిన రసీదు తీసుకుని, పని అయ్యాక దాన్ని చూపి బ్లాకు వెనక్కి అడగండి.