కాశీరత్నం ఎలా పెంచాలి? ముందు గింజకు గాటు పెట్టండి

“కాశీరత్నం గింజలు వేశాను, ఒక్కటీ మొలవలేదు” అనే మాట ప్రతి వానాకాలం వింటూనే ఉంటాను. గింజలిచ్చినవాళ్లను తిట్టుకుంటారు, మట్టి మారుస్తారు, రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తారు. గింజను చేతిలోకి తీసుకుని చూసేవాళ్లే ఉండరు.

చిలగడదుంప, తూటికూరల కుటుంబమే ఈ పూలతీగదీ. పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. గులాబీ, తెలుపు రంగుల్లోనూ పూస్తుంది కానీ, నా లెక్కలో ఎరుపే కాశీరత్నం.

కావలసినవి పెద్దగా ఏం లేవు. అడుగున చిల్లులున్న 12 అంగుళాల కుండీ, రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, పురికొస, గోళ్లు తీసే కట్టర్. కనీసం ఆరు గంటల ఎండ పడాలి. కొబ్బరిపొట్టు అక్కర్లేదు. జూన్, జూలైలో వేయండి.

ఇక అసలు పని. ఈ గింజ పైతొక్క నీటిని లోపలికి పోనివ్వదు. తొలివానకే అన్నీ మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే వంశమే పోతుంది కదా, అందుకే కొన్ని మరుసటి ఏడాది దాకా కూడా ఆగుతాయి. అడవిలో అది తెలివే. కుండీలో మనకు తలనొప్పి.

గింజను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన చిన్న మచ్చ కనిపిస్తుంది, కాయలో అతుక్కున్న చోటు అది. మొలక వేరు దాని దగ్గరే ఉంటుంది, అక్కడ కట్టర్ పెట్టారో గింజ పోయినట్టే. దానికి దూరంగా, గుండ్రంగా ఉన్న వీపు వైపున నల్లతొక్కను కొద్దిగా గిల్లండి. కింద లేతరంగు చుక్క కనిపించగానే ఆపేయాలి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పప్పు దాకా వెళితే నానినప్పుడు కుళ్లిపోతుంది. చెయ్యి వణుకుతుందని టెన్షన్ పడేవాళ్లు గరుకు కాగితం మీద రుద్దండి. ఆలస్యమవుతుంది, అంతే.

గాటు పెట్టాక మామూలు నీళ్లలో ఒక్క రాత్రి నానబెట్టండి, రెండు రాత్రులు వద్దు. తెల్లారేసరికి ఉబ్బినవి నాటడానికి సిద్ధం. ఉబ్బకుండా నల్లగా, గట్టిగా మిగిలినవాటికి గాటు సరిగా పడలేదు. వాటిని మళ్లీ గిల్లి నానబెట్టాలి.

మరిగే నీళ్లు పోయమనే సలహా ఒకటి తిరుగుతోంది. అలా చేస్తే కొన్ని విచ్చుకుంటాయి, కొన్ని లోపలే ఉడికిపోతాయి. ఏది బతికిందో మట్టిలో వేసి వారం ఎదురుచూస్తే గానీ తెలియదు. గాటు పెడితే నీళ్లు లోపలికి వెళ్లాయో లేదో తెల్లారికల్లా తేలిపోతుంది.

నానిన గింజల్ని నేరుగా కుండీలోనే, అర అంగుళం లోతు మించకుండా నాలుగు వేయండి. ట్రేలో మొలిపించి మార్చితే వేరు కదిలి తీగ అలుగుతుంది. మొదట వచ్చే రెండు ఆకులూ ఒక్కోటి రెండు సన్నని కొమ్ములుగా చీలి ఉంటాయి. కాశీరత్నం ఆకులా లేదని, కలుపు అనుకుని పీకేసేవాళ్లను చూశాను! ఆగండి, ఈకల్లాంటి అసలు ఆకులు వాటి వెనకే వస్తాయి. బలమైన రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేయండి.

జానెడు ఎదగగానే పురికొస కట్టండి. నైలాన్ తాడు మీద లేత తీగ జారుతుంది, పైగా సీజన్ అయ్యాక దాన్ని విప్పలేక చావాలి. పురికొసైతే ఎండిన తీగతో సహా కంపోస్టులో పడేయొచ్చు. తీగను చేత్తో చుట్టేటప్పుడు దిక్కు చూసుకోండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. తప్పు దిక్కున చుడితే విడిపోతుంది.

యూరియా వేస్తే ఆకే తప్ప పువ్వు ఉండదు. పేనుబంక పడితే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పూలు ఉదయమే విచ్చి, ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. తెగులేమో అని కంగారు పడకండి.

కాయ గోధుమరంగుకు తిరగగానే కోసేయండి. ఒక్కోదాంట్లో నాలుగు గింజల దాకా ఉంటాయి. వదిలేస్తే అవే రాలి వచ్చే వానల్లో పక్కింటి గోడ దాకా మొలుస్తాయి, అప్పుడు గాటుతో పనే ఉండదు. ఆరిన గింజల్ని కాగితం పొట్లంలో కట్టి, పిల్లలకు అందకుండా పెట్టండి. నోట్లో వేసుకునేవి కావు.