ఆల్కో ఒళ్ళు, ఈఎండీ గుండె: ఆర్‌ఎస్-3ఎం మొరాయిస్తే ఎక్కడ చూడాలి

గుత్తి లాంటి డీజిల్ షెడ్ పక్కన పెరిగినవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా డబ్ల్యూడీఎం-2 ఏదో డబ్ల్యూడీజీ-4 ఏదో చెప్పేస్తారు. మొదటిది ఆల్కో, రెండోది ఈఎండీ; రెండూ అమెరికా లోకో కంపెనీల పేర్లు. ఆల్కో హుడ్ తలుపు తెరిస్తే లోపల ఈఎండీ ఇంజిన్ కనబడిందనుకోండి, అమెరికాలో ఆర్‌ఎస్-3ఎం అంటే అదే. 1950లలో ఆల్కో కట్టిన 1600 హార్స్‌పవర్ ఆర్‌ఎస్-3 లోకోల్లో 244 ఇంజిన్ పీకేసి, రిటైరైన ఈ8 ప్యాసింజర్ లోకోల నుంచి తీసిన 12 సిలిండర్ల 567బీ ఇంజిన్ కూర్చారు. పెన్ సెంట్రల్, ఆ తర్వాత కాన్‌రెయిల్ అనే రైల్వే కంపెనీలు 1970లలో చేయించిన పని ఇది, ఎక్కువగా న్యూయార్క్ రాష్ట్రంలోని డెవిట్ రిపేరు షాపులో. చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లు మాత్రం పాత జీఈ (జనరల్ ఎలక్ట్రిక్)వే. ఆ లోకోల్లో కొన్ని తర్వాత చిన్న రైల్వే లైన్లకు చేరాయి, అలాంటి ఒకదాని మీద నేను వారాంతాల్లో పనిచేస్తాను.

దీనికి ఒక్క మాన్యువల్ అంటూ లేదు. ఆల్కో పుస్తకంలో ఈ ఇంజిన్ ఉండదు, ఈఎండీ పుస్తకంలో ఈ వైరింగ్ ఉండదు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు తప్పు ఇంజిన్‌దా, కరెంటుదా, లేక షాపువాళ్ళు ఆ రెంటినీ కలిపిన చోటుదా అన్నది తేల్చుకోవాలి.

రెండో నాచ్‌లో స్పీడ్ పెరిగి, మూడో నాచ్‌లో ఐడిల్‌కు పడిపోతోంది

నాచ్ అంటే థ్రాటిల్ మెట్టు. నాలుగులో మళ్ళీ రెండో నాచ్ శబ్దమే వస్తుంది. ఇది డీజిల్ సమస్య కాదు, దయచేసి ఫిల్టర్లు మార్చుకుంటూ కూర్చోకండి. ఇంజిన్ స్పీడ్‌ను నియంత్రించే వుడ్‌వర్డ్ గవర్నర్‌లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు సాలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే కాయిళ్ళు) ఉంటాయి. రెండో నాచ్‌కు ఏ ఒక్కటే పనిచేస్తుంది, మూడుకు సీ ఒక్కటే, నాలుగుకు ఆ రెండూ. సీకి కరెంటు అందకపోతే ఇంజిన్‌కు మూడో నాచ్ అంటే ఐడిల్ కిందే లెక్క. హ్యాండ్‌బ్రేక్ వేసి, మోటార్లకు కరెంటు వెళ్ళకుండా జెనరేటర్ ఫీల్డ్ స్విచ్ ఆఫ్ చేసి, మూడో నాచ్‌లో గవర్నర్ ప్లగ్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టండి. వెలిగితే కాయిల్ పోయింది, మార్చాలి. వెలగకపోతే వైరు పట్టుకుని కంట్రోలర్ దాకా వెనక్కి వెళ్ళండి. మా లోకోలో ఆల్కో కాలం వైరుకు కొత్త ప్లగ్ వైరు ముడివేసిన చోట టేపు పెళుసెక్కి ఊడిపోయింది, లోపల రాగి పచ్చగా చిలుమెక్కి వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. రెండు శనివారాలు ఫ్యూయల్ లైన్లు విప్పాక దొరికింది అది.

లోడ్ పడగానే కుంగిపోయి నల్లపొగ

244కు టర్బో ఉండేది, అది అందుకునేదాకా పొగ మామూలే అని పాతవాళ్ళు వదిలేసేవారు. 567కు ఇంజిన్‌లోకి గాలి తోసే, గేర్లతో తిరిగే బ్లోయర్ ఉంది కాబట్టి ఆ మాట ఇక్కడ చెల్లదు, ఆగకుండా నల్లపొగ వస్తోందంటే తప్పున్నట్టే. ఫీల్డ్ స్విచ్ ఆఫ్ చేసి ఖాళీగా 8 నాచ్‌లూ ఎక్కించి చూడండి. ఖాళీగానే ఎక్కకపోతే గవర్నర్ వైర్లు సరిగ్గా ఉన్నాయని ముందే చూసుకున్న పక్షంలో తప్పు ఇంజిన్ వైపే: గాలి ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, డీజిల్. ఖాళీగా బాగుండి లోడ్‌లోనే కుంగితే రెండువైపులా అనుమానించాలి, ముందుగా ఇంజిన్ మీది ఫ్యూయల్ సైట్ గ్లాసులు (డీజిల్ కనబడే గాజు గిన్నెలు) చూడండి. ఇంజిన్‌కు దగ్గరి గ్లాసు నిండుగా, తేటగా ఉండాలి. బుడగలు కనిపిస్తే పంపుకు ముందు ఎక్కడో గాలి పీలుస్తోంది, పైపు జాయింట్లు బిగించాలి. రెండో గ్లాసు ఖాళీగా ఉండాలి, అందులో డీజిల్ కనిపిస్తే ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం.

ఎక్కుడులో స్పీడ్ తగ్గడం మాత్రం జబ్బు కాదు. మార్పు తర్వాత ఇది 1200 హార్స్‌పవరే.

లూబ్ ఆయిల్ పాలలా తెల్లబడింది

567బీకి ఉన్న పెద్ద బలహీనత ఇదే. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) కింది సీళ్ళు పాతబడితే చల్లార్చే నీళ్ళు నేరుగా ఆయిల్ ప్యాన్‌లోకి దిగుతాయి. ఆయిల్ మార్చినంత మాత్రాన ఆగదు, ఆ సిలిండర్ అసెంబ్లీ బయటికి తీసి సీళ్ళు మార్చి, బేరింగులు కూడా చూడాల్సిందే. వీటిలో యాంటీఫ్రీజ్ పోయకపోవడానికీ ఒక కారణం ఈ లీకులే, అది ఆయిల్‌లో కలిస్తే బేరింగులు పోతాయి. కాబట్టి గడ్డకట్టే చలిలో ఇంజిన్ నడుస్తూ ఉండాలి, లేదంటే నీళ్ళు మొత్తం దింపేయాలి.

రోజులకొద్దీ ఆగి ఉన్న ఇంజిన్‌ను టెస్ట్ కాక్‌లు (ఒక్కో సిలిండర్‌కు ఉండే చిన్న కుళాయిలు) తెరవకుండా స్టార్ట్ చేయకండి. పన్నెండూ తెరిచి, బార్‌తో చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఒక్కదాంట్లోంచి నీళ్ళు చిమ్మినా ఆ రోజుకు బండి కదలదు. నీళ్ళు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఇంజిన్ దానంతటదే ఆగి, గవర్నర్ బటన్ బయటికొచ్చింది

ఆయిల్ ప్రెషర్ పడిపోయిందన్నమాట. లెవెల్ చూడకుండా బటన్ నొక్కి మళ్ళీ క్రాంక్ చేయకండి. క్రాంక్‌కేస్ ప్రెషర్ డిటెక్టర్ (ఇంజిన్ అడుగు గదిలో ఒత్తిడి పెరిగితే పట్టేది) ఉండి అది ట్రిప్ అయి ఉంటే ఇంజిన్ జోలికే వెళ్ళొద్దు, కనీసం రెండు గంటలు చల్లారేదాకా పక్క మూతలు తెరవొద్దు. లోపల వేడెక్కిన ఆయిల్ ఆవిరికి బయటి గాలి తగిలితే పేలుతుంది.

వాన తర్వాత గ్రౌండ్ రిలే పడుతోంది

గ్రౌండ్ రిలే అంటే కరెంటు లోకో ఒంట్లోకి లీకైతే పట్టేది. ఇది పూర్తిగా జీఈ వైపు. రీసెట్ చేశాక మళ్ళీ పడితే మోటార్లను ఒక్కొక్కటిగా కటౌట్ చేసి చూడండి, ఏది తీస్తే రిలే నిలబడుతుందో దాని కేబుళ్ళు, బ్రష్‌లు తుడిచి ఆరబెట్టాలి.