బండ సైజు పక్కన స్లాషులు పెరుగుతున్నాయా? ముందు టేబుల్ తెరవండి

పాలమూరు, జడ్చర్ల వైపు హార్డ్‌వేర్ షాపులకు, బండల డిపోలకు పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో బిల్లింగ్ ప్రోగ్రాములు చేసిస్తుంటాను. అక్కడ అడుగులకు గుర్తు సింగిల్ కోటే: తాండూరు బండ 2'x2', పైపు 10'. డేటాబేస్‌కేమో అదే కోటు మాట ముగిసిందని చెప్పే గుర్తు.

సమస్య: 2' అని కొట్టగానే సింటాక్స్ ఎర్రర్.

విలువను నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కు పంపే ఆదేశంలో, అతికించారు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ రాసి బైండ్ చేయండి, అంటే ఆదేశంలో ఖాళీ ఉంచి విలువను విడిగా పంపండి. విలువ ముసుగులో వేరే ఆదేశం దూర్చే ఇంజెక్షన్ దాడి వచ్చేదీ ఈ దారినే, రేపటికి వాయిదా వేయకండి.

సమస్య: ఎర్రర్ లేదు, కానీ ఐటమ్ వెతికితే దొరకదు. పేరు 2\'x2\' అయింది. ఎడిట్ చేసినప్పుడల్లా స్లాషులు పెరుగుతున్నాయి.

దీనితో ఒక బండల డిపోలో రెండు రోజులు పోగొట్టుకున్నాను. క్యారెక్టర్ సెట్ మార్చాను, మైఎస్‌క్యూఎల్ వెర్షన్ మార్చాను, టేబుల్లో ఏముందో మాత్రం చూడలేదు. ఇప్పుడు నాకు ఫోన్ చేసేవాళ్లూ స్క్రీన్ ఫొటోలే పంపుతారు. స్క్రీన్‌ను నమ్మకండి. ఆ వరుసను అక్షరాల కోడ్‌లు చూపే హెక్స్ ఫంక్షన్‌తో తీసి చూడండి. 27 ఉంటే కోటు, దాని ముందు 5సి ఉంటే బ్యాక్‌స్లాష్ నిజంగానే లోపలికి చేరింది.

కారణం, రెండుసార్లు ఎస్కేప్ కావడం. కోటును ముగింపుగా చదవకుండా దాని ముందు స్లాషు పెట్టడం లాంటి జాగ్రత్తే ఎస్కేప్. పాత పీహెచ్‌పీలో ఫారం డేటాకు మ్యాజిక్ కోట్స్ తానే స్లాషులు పెట్టేది. 2012లో 5.4 వెర్షన్‌తో దాన్ని తీసేశారు. అప్పుడు చాలామంది అదే పని చేసే యాడ్‌స్లాషెస్ లూప్‌ను తమ ఫైలులో రాసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ పెట్టారు, లూప్ అలాగే ఉండిపోయింది. బైండ్ చేసిన విలువ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది కాబట్టి స్లాషు కూడా సరుకు పేరులో భాగమైపోతుంది. మళ్లీ సేవ్ చేస్తే ఒకటి మూడవుతుంది, మూడు ఏడు, ఏడు పదిహేను. ఐదోసారికి ఒక్కో కోటుకు 31. ఆ డిపోలో పేరు కాలమ్ 60 అక్షరాలే, రెండు కోట్లకే 62 స్లాషులు. బిల్లు పేజీలో ఎవరో స్లాషులు ఒక వరస తీసేసే స్ట్రిప్‌స్లాషెస్ పెట్టడంతో మొదటి సేవ్‌కు తప్పు బయటపడలేదు కూడా.

ముందు ఆ లూప్ తీసేయండి. ఊట ఆగకుండా నీళ్లు తోడి లాభం లేదు. వర్డ్‌ప్రెస్ అయితే ఇప్పటికీ తనే స్లాషులు పెడుతుంది, అక్కడ అన్‌స్లాష్ ఫంక్షన్ వాడండి. తర్వాత బ్యాకప్ తీసి, \' ఉన్న వరుసలకే స్ట్రిప్‌స్లాషెస్ నడపండి. ఆ జత కనిపించనంతవరకు మళ్లీ మళ్లీ నడపాలి. రీప్లేస్‌తో \' ను ' చేస్తే మూడు స్లాషులున్న చోట రెండు మిగిలిపోతాయి. టేబుల్ మొత్తం మీద నడిపితే ఫైల్ పాత్‌లలో ఉండాల్సిన స్లాషులూ పోతాయి. బిల్లు పేజీలోని స్ట్రిప్‌స్లాషెస్‌ను చివర్లో తీయండి. ఒకే ఐటమ్‌ను మూడుసార్లు సేవ్ చేసి హెక్స్ మళ్లీ చూడండి. 27 ముందు 5సి రాకూడదు.

సమస్య: టీ_2 అని వెతికితే టీ12 కూడా వస్తోంది.

వెతకడానికి క్వెరీలో వాడే లైక్‌లో _ అంటే ఏదైనా ఒక అక్షరం, % అంటే ఎన్నైనా. బైండ్ చేసినా ఇది ఆగదు. వాటి ముందు బ్యాక్‌స్లాష్ మీరే పెట్టాలి.

వాట్సాప్ నుంచి కాపీ చేసిన వంకర కోటు ’ కూడా తగులుతుంది. అది వేరే అక్షరం, సేవ్ చేసేముందే ' గా మార్చేయండి.