4కె టీవీలో పాత సినిమా మైనం బొమ్మలా కనిపిస్తుంటే

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో 4కె టీవీకి స్ట్రీమింగ్ బాక్స్ తగిలించాక రెండు చిక్కులొచ్చాయి. క్రికెట్‌లో కెమెరా పక్కకు తిరిగితే చాలు, కుదుపులే. పాత సినిమాల్లో ముఖాలు మైనం పూసినట్టు నున్నగా, టైటిల్స్ చుట్టూ తెల్లటి అంచులతో కనిపించేవి. నెట్ స్పీడ్ బాగానే ఉంది.

కుదుపుల సంగతి ముందు తేలింది. బాక్స్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 4కె 30 హెర్ట్జ్ (అంటే సెకనుకు 30 బొమ్మలు) ఉంది, 60 ఆప్షనే లేదు. పూర్తి రంగులతో 4కె 60 హెర్ట్జ్ రావాలంటే బాక్స్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ 2.0 వెర్షన్‌ది, అంటే సెకనుకు 18 గిగాబిట్లు మోసేది కావాలి. పాత 1.4 వెర్షన్‌లో 10.2 మాత్రమే. టీవీలో బాక్స్ తగిలించిన పోర్టును ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌కి (ఎక్కువ డేటా తీసుకునే సెట్టింగ్‌కి) మార్చాను. పాత కేబుల్ కొన బీచ్ ఉప్పుగాలికి చిలుమెక్కి ఉంది, దాన్ని తీసేసి ప్రీమియం హై స్పీడ్ కేబుల్ వేశాను. 60 వచ్చింది.

మైనం సంగతి వేరు. పాత సినిమాల 480 లైన్ల బొమ్మను బాక్స్ 4కె కోసం 2160 లైన్లకి సాగదీస్తోంది. దానిమీద టీవీలోని నాయిస్ రిడక్షన్ (బొమ్మలో చుక్కల్ని చెరిపేది), షార్ప్‌నెస్ (అంచుల్ని పదును చేసేది) మళ్లీ రుద్దుతున్నాయి. నాయిస్ రిడక్షన్ ఆపేసి, షార్ప్‌నెస్ బాగా తగ్గించాను. పాత సినిమాలప్పుడు బాక్స్‌ను 1080పిలో పెట్టి, మిగతా అప్‌స్కేలింగ్, అంటే సాగదీసే పని, టీవీకే వదిలేస్తున్నా. మా టీవీ ఆ పని బాక్స్ కన్నా నయంగా చేస్తోంది. అమ్మకి మాత్రం ఇప్పటికీ షార్ప్‌నెస్ పెంచితేనే ఇష్టం!

ఒకటి చూసుకోండి: మా టీవీలో ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఒక్కో పోర్టుకి విడిగా ఉంది. కేబుల్ వేరే పోర్టుకి మారిస్తే మళ్లీ ఆన్ చేయాలి.