కారుకు రంగు, పాఠం 4: క్యాండీ ఎరుపులో లోతు

ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 వరకు నలుపులోనే ఎందుకు వచ్చిందో, 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో లాకర్ అనే రంగు వచ్చాక కార్లకు రంగులు ఎలా అబ్బాయో మూడో పాఠంలో చూశాం. త్వరగా ఆరే లాకర్ వల్ల పూత మీద పూత వేయడం తేలికైంది. 1950లలో కాలిఫోర్నియాలో కార్లకు రంగులు వేసే జో బెయిలన్‌కు పేరు తెచ్చిన క్యాండీ యాపిల్ ఎరుపు అలాంటి పలుచని పూతల పనితనమే.

క్యాండీ రంగు గాజులా పారదర్శకం. వెలుతురు దాన్ని దాటి అడుగున ఉన్న వెండి పూతను తాకి, మళ్లీ ఎరుపులోంచే బయటికి వస్తుంది. ఆ లోతంతా ఈ రాకపోకల్లోనే ఉంది. అడుగున బంగారు రంగు వేస్తే అదే ఎరుపు వెచ్చగా, నారింజ వైపు మొగ్గుతుంది. ప్రతి పూతకూ రంగు ముదురుతుంది కనుక తలుపుకు ఐదు పూతలు, బానెట్‌కు ఆరు వేస్తే అవి రెండు వేర్వేరు కార్లవిలా కనిపిస్తాయి.

అందుకే ముందు ఒక రేకు మీద సాధన చేయండి. వెండి పూత ఆరాక రేకును నిలువుగా ఏడు పట్టీలుగా అనుకుని, మొదటిదాన్ని కాగితంతో, మాస్కింగ్ టేపుతో కప్పండి. ఒక క్యాండీ పూత వేయండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, రెండో పట్టీనీ కప్పి మళ్లీ వేయండి. చివరి పట్టీకి ఆరు పూతలు పడతాయి. టేపు తీసి ఎండలో చూడండి, నీడలోనూ చూడండి. మీకు నచ్చిన పట్టీయే కారుకు కావలసిన పూతల లెక్క.

చేయి తిప్పడమే అసలు విద్య. రంగు చిమ్మే గన్ రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. మణికట్టు వంచితే అంచుల్లో రంగు పలచబడుతుంది. రేకు అంచు రాకముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాకే వదలండి. ప్రతి వరుసా ముందు వరుసలో సగాన్ని కప్పాలి. మామూలు రంగు క్షమించే తప్పును క్యాండీ పులిచారలుగా చూపిస్తుంది. నా మొదటి రేకులన్నీ చారలే. వేగం స్థిరపడ్డాకే అవి పోయాయి.

గట్టిపడే మందు కలిపే క్లియర్లలో, అంటే రంగు మీద వేసే పారదర్శక పూతల్లో, ఐసోసైనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. వాటికి మామూలు ముసుగు చాలదు. బయటి నుంచి గాలి అందించే ముసుగు, గాలి లాగే గది లేనిచోట వాటిని కొట్టకండి.

పట్టీల వెనుక పూతల సంఖ్య రాసి రేకును దాచండి. ఐదో పాఠంలో క్లియర్ దాని మీదే వేస్తాం.